"మా సీటు పోయింది" అంటే పోయిందేంది?

ప్రశ్న: అనంతపురంలో పెద్దవాళ్లు "డీలిమిటేషన్‌లో మా సీటు పోయింది" అంటుంటారు. డీలిమిటేషన్ అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడం. అప్పటి ఉమ్మడి జిల్లాలో ముందూ 14 అసెంబ్లీ సీట్లే, తర్వాతా 14 సీట్లే. మరి పోయిందేంది?

జవాబు: ఎవరి నోట వస్తుందో చూడాలన్నా. గుత్తివాళ్లు అంటే పోయింది పేరు. 2009 ఎన్నికల నుంచి గుత్తి నియోజకవర్గం లేదు, ఊరు గుంతకల్లు కింద పడింది. అన్నదమ్ముల పంపకాల్లో "నా భాగానికి బావికాడి చేను పడింది" అంటారే, ఆ పడడమే ఇది.

అదే లక్కిరెడ్డిపల్లెవాళ్లు అంటే అక్షరాలా నిజం. వాళ్ల నియోజకవర్గం పోయి, అప్పటి ఉమ్మడి కడప జిల్లా 11 సీట్ల నుంచి 10కి దిగింది. జనం తగ్గారా అంటే లేదు, పెరిగారు. కాకపోతే పాత హద్దులు 1971 లెక్కలతో గీసినవి, కొత్తవి 2001 లెక్కలతో. ఆ మధ్యలో రాష్ట్ర జనాభాలో కడప వాటా తగ్గింది. మొత్తం సీట్లేమో 294 దగ్గరే కట్టేసి ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలోని 7.62 కోట్ల మందిని 294తో భాగిస్తే సీటుకు దాదాపు 2.59 లక్షలు. కడపలో 26 లక్షల మంది, అంటే పది సీట్లు. అనంతపురం 36.4 లక్షలు, పద్నాలుగు. కర్నూలు 35.3 లక్షలు, పదమూడున్నర దాటింది కాబట్టి అక్కడ 13 కాస్తా 14 అయింది.

ఇంకొకరు: మా మడకశిరలో పేరూ పోలేదు, లెక్కా తగ్గలేదు. అయినా "పోయింది" అనేవాళ్లున్నారు.

జవాబు: అది ఎస్సీ రిజర్వు అయింది కదక్కా. అప్పటిదాకా మడకశిర ఎమ్మెల్యేగా ఉన్న రఘువీరారెడ్డి 2009లో కల్యాణదుర్గం పోయి గెలిచింది అందుకే. నాయకుల వైపు నుంచి పుట్టిన వాడుక ఇది. పోయింది సీటు కాదు, కొందరు పోటీ చేసే వీలు. ఓటరు కూడా అదే మాట అంటే నాకు నచ్చదు. ఎస్సీ అభ్యర్థి గెలిస్తే సీటు పోయినట్టెట్లా?

కర్నూలు వైపువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. జిల్లాకు ఒకటి పెరిగింది, కోయిలకుంట్ల పేరు మాత్రం పోయి బనగానపల్లె వచ్చింది. కోయిలకుంట్లలో ఏమంటారు, వచ్చిందనా, పోయిందనా?