వార్తలు చూశాక నిద్ర పట్టడం లేదు, మీరు ఎలా తట్టుకుంటున్నారు?

ప్రశ్న – రెంటన్‌వాసి

సియాటెల్ పక్కన రెంటన్‌లో ఉంటున్నాను. మా అమ్మాయి కాలేజీకి బయల్దేరిన ప్రతిసారీ ఆదోని నుంచి సియాటెల్‌కు చదువుకోడానికి వచ్చిన జాహ్నవి కందుల గుర్తుకొస్తుంది. 2023 జనవరిలో, 25 మైళ్ల వేగపరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల దాకా వేగం అందుకున్న పోలీసు కారు ఆ పిల్ల ప్రాణం తీసింది. అది ఒక ఎత్తు. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి నవ్వుతూ మాట్లాడిన వీడియో ఇంకో ఎత్తు. 2024లో ఆయన ఉద్యోగం పోయింది కానీ, ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు.

ఈమధ్య దుకాణంలో వరసలో నిలబడి ఉంటే వెనకాయన “మీ దేశానికి పొండి” అన్నాడు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే చేతులు వణికాయి. అప్పటి నుంచి తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ నిద్ర లేదు. రాత్రుళ్లు పళ్లు కొరుకుతున్నానని పళ్ల డాక్టరు చెప్పారు. మావారేమో “వార్తలు చూడకు, హాయిగా ఉండు” అంటారు. ఇంత అన్యాయం జరుగుతుంటే నేను తలంటుకుని పాటలు వింటూ కూర్చోవడం స్వార్థమనిపిస్తోంది. మీరేం చేస్తున్నారు?

జవాబు – డెట్రాయిట్ నర్సు

ముందు ఆ వీడియో మళ్లీ మళ్లీ చూడటం మానండమ్మా. సంగతి తెలియడానికి ఒకసారి చాలు.

మీరు చెప్పినవన్నీ మా వార్డులో నల్లజాతి స్త్రీల నోట ఏళ్లుగా వింటున్నాను. అవమానాల మధ్య బతికే వాళ్ల శరీరాలు వయసుకు ముందే అరిగిపోతాయని ఆర్లీన్ జెరోనిమస్ అనే ప్రజారోగ్య పరిశోధకురాలు 1992లోనే ప్రతిపాదించారు. భయం వేసినప్పుడు రక్తపోటు పెరుగుతుంది, భయం తీరితే దిగాలి. రోజూ ఏదో ఒకటి ఎదురయ్యే మనిషికి అది దిగే వ్యవధి దొరకదు.

స్వార్థం అన్నారే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. తెల్లవాడి కోసం బస్సులో సీటు వదలనన్న నల్లజాతి ఉద్యమకారిణి రోసా పార్క్స్ ఆ తర్వాత ఉద్యోగం పోగొట్టుకుని, బెదిరింపులు భరించి, కడుపులో పుండ్లతో బాధపడ్డారు. మా డెట్రాయిట్‌కే వచ్చి స్థిరపడ్డారు. 1973 నాటి ఒక ఫోటోలో ఆవిడ యోగా చేస్తూ కనిపిస్తారు. మరో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ జైల్లో ఉండగా యోగా, ధ్యానం చేశారు. వీళ్లు పోరాటం వదిలేసి కాళ్లు చాపుకున్నవాళ్లా, చెప్పండి?

నా సంగతి చెబుతాను. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఫోను వంటింటి సొరుగులో పడేస్తాను. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మెడకూ అరికాళ్లకూ పట్టించి, స్నానం చేసి, మిరియాల చారుతో అన్నం తిని, కర్టెన్లు వేసి పడుకుంటాను. ఆదివారాలు తోటి నర్సులతో నది ఒడ్డున నడుస్తాను. వార్డులో ఎవరు ఎంత మాట అన్నారో అక్కడ ఒకరికొకరం చెప్పుకుంటాం. “నువ్వే ఎక్కువ ఊహించుకున్నావేమో” అనేవాళ్లు ఆ గుంపులో లేరు. నూనె కంటే నాకు అదే ఎక్కువ పనిచేస్తుంది. నిద్ర ఇలాగే పాడవుతుంటే డాక్టరును కలవండి. మరీ తట్టుకోలేని రాత్రి, మనసు కుంగినవాళ్లకు సాయం చేసే 988 నంబరుకు ఫోను చేయండి.

జవాబు – బెల్వ్యూ పాఠకుడు

నర్సు గారి మాటకు ఒకటి కలుపుతాను. నేను దళితుణ్ణి. దుకాణంలో నా రంగు చూస్తారు, మనవాళ్ల విందులో ఇంటిపేరు ఆరా తీస్తారు. జాహ్నవి పోయిన మరుసటి నెలలోనే సియాటెల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. అమెరికా నగరాల్లో అదే మొదటిది. ఆ రాత్రి నేను కడుపునిండా తిని ఒళ్లెరగకుండా నిద్రపోయాను. అందుకే తలంటుకోండి, కౌన్సిల్ సమావేశాలకూ వెళ్లండి. మన విందుల్లో ఎవరైనా నల్లవాళ్లను చులకన చేస్తే అక్కడికక్కడే అడ్డు చెప్పండి. అది మింగుకుని ఇంటికి తెచ్చుకున్నా నిద్ర పట్టదు.

రెంటన్‌వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ వీడియో ఫోనులోంచి తీసేశాను. మా వీధిలో ఇథియోపియా ఆవిడ ఒకరు రోజూ పొద్దున్నే నడుస్తారు. పలకరిస్తే, రేపటి నుంచి కలిసి వెళదామన్నారు. నర్సు గారూ, నూనె పట్టించాక ఎంతసేపు ఉంచాలి?

డెట్రాయిట్ నర్సు

అరగంట చాలు. స్నానాల గదిలోకి వెళ్లే ముందు అరికాళ్లు బాగా తుడుచుకోండి, జారతాయి.