దళిత, గిరిజన విద్యార్థులను న్యాయవాద వృత్తిలోకి తెచ్చినవారికి సన్మానాలు అవసరమా?

తుంగభద్ర తీరం:
నవంబరు 26న న్యాయ దినోత్సవానికి మా జిల్లా బార్ అసోసియేషన్ కొత్త పురస్కారం ఒకటి ఇవ్వాలనుకుంటోంది. దళిత, గిరిజన, పేద కుటుంబాల పిల్లలను లా చదివించి ఈ వృత్తిలోకి తెచ్చిన న్యాయవాదులకు, అధ్యాపకులకు శాలువా, జ్ఞాపిక. సమావేశంలో సభ్యులు రెండుగా చీలిపోయారు. నేను ఇవ్వాలనే అంటాను. లా ప్రొఫెసర్ షంనాద్ బషీర్ 2010లో ‘ఐడియా’ సంస్థ మొదలుపెట్టి, లా విద్యార్థుల చేతనే పల్లె బడుల పిల్లలకు క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) శిక్షణ ఇప్పించారు. ఆయన 2019లో పోయినా సంస్థ ఆగలేదు. అలాంటి పనికి ఊరికొకరు పూనుకోవాలంటే, చేసినవారిని నలుగురిలో గౌరవించాలి కదా. మీరేమంటారు?

వాయిదా డైరీ:
సీటు ఇప్పిస్తే సగం పనైనా అయినట్టు కాదు సార్. అసలు కష్టం నల్లకోటు వేసుకున్నాక మొదలవుతుంది. మా సీనియర్‌కు ఇలాంటి సన్మానమే జరిగింది. వెనుకబడిన వర్గాల జూనియర్లను తీర్చిదిద్దారని వేదిక మీద పొగిడారు. ఆ జూనియర్లలో నేనొకడిని. పొద్దున్నే కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసి డైరీలో వాయిదాలు రాసుకోవడం, ఒక కోర్టు హాలు నుంచి ఇంకో హాలుకు పరుగెత్తి ‘సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇప్పించండి’ అని, అంటే కేసు కాసేపాగి పిలవమని వేడుకోవడం, సాయంత్రం కేసు కట్టలు సర్దడం నా పని. సాక్షిని ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేసే అవకాశం మాత్రం ఆయన బంధువుల అబ్బాయికి. నా చేతికి వచ్చింది పండగకు బట్టలు, అప్పుడప్పుడు బస్సు చార్జీలు.

తాతల నాటి ఆఫీసు ఉన్నవాడు ఏళ్ల తరబడి రాబడి లేకపోయినా నెట్టుకొస్తాడు. కూలికి వెళ్లే తల్లిదండ్రులున్నవాడు ఎలా నిలబడతాడు? నాతో చదివినవారిలో చాలామంది గ్రూప్స్ కోచింగులకు, బ్యాంకు పరీక్షలకు వెళ్లిపోయారు. వారిని కూడా ‘వృత్తిలోకి తెచ్చాం’ అన్న ఖాతాలోనే వేస్తారా?

కృష్ణా డెల్టా ప్లీడరు:
ఇవన్నీ పక్కన పెట్టండి. అసలు అడ్డంకి ఇంగ్లీషు. క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటల సమయం, బారెడు బారెడు ఇంగ్లీషు పేరాలు. గురుకులంలో తెలుగు మీడియం చదివిన పిల్లకు చట్టం గురించి ఎంత బుర్ర ఉన్నా ఆ పేరాల దగ్గరే సమయం అయిపోతుంది. 2023లో తెలంగాణ హైకోర్టు తెలుగులో తీర్పు ఇవ్వగలిగింది. ప్రవేశ పరీక్ష తెలుగులో ఎందుకు పెట్టరు?

మన్యం గాలి:
మా కోర్టులో ఉన్నవాళ్లందరం లాసెట్ (రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష) రాసి వచ్చినవాళ్లమే. క్లాట్ మాకు చుట్టం కాదు, పక్కం కాదు.

కృష్ణా డెల్టా ప్లీడరు:
అదే నేను చెప్పేది! ఎందుకు చుట్టం కాలేదు? ఇంగ్లీషు వల్లే.

తుంగభద్ర తీరం:
వాయిదా డైరీ గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒక సీనియర్ చెడ్డవాడైతే అందరికీ అదే ముద్ర వేస్తారా? ‘ఐడియా’ సీటుతో చేతులు దులుపుకోదు, చదువు పూర్తయ్యే దాకా ఫీజులకు సాయం చేస్తుంది, వెంట ఉండి దారి చూపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ‘లా నేస్తం’ పథకం కింద జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, సీనియర్లు జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సూచించింది. అన్నీ ఒక్కసారిగా మారవు తమ్ముడూ. కాస్త మంచిని కూడా చూడు.

వాయిదా డైరీ:
బార్ కౌన్సిల్ చేసింది సూచన మాత్రమే. ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. మీ జిల్లాలో ఆ 15,000 ఇస్తున్న సీనియర్ ఒక్కరుంటే చెప్పండి, శాలువా నేనే కొని తెస్తాను.

నిజంగా దారి సులువైంది 2024 జూలై 30న. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకైతే 125 రూపాయలు దాటకూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతకుముందు రకరకాల పేర్లు పెట్టి వేలకు వేలు వసూలు చేశారు. మా అమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి నా ఫీజు కట్టింది. అప్పుడు ఈ సన్మాన సంఘం వారెవరైనా ఇది తప్పని ఒక్క తీర్మానం చేశారా? ఇక దయచేసి నన్ను తమ్ముడూ అనకండి.

తుంగభద్ర తీరం:
చేయి పట్టి నడిపించినవారి పట్ల కాస్త కృతజ్ఞత ఉండాలండీ. మీకు అదే లేదు.

వాయిదా డైరీ:
ఇప్పుడు బయటపడింది అసలు మాట. మీ దృష్టిలో ఇది ఉపకారం, నా దృష్టిలో బాకీ. 2018 తర్వాత నియమితులైన హైకోర్టు న్యాయమూర్తుల్లో నాలుగింట మూడు వంతుల మంది జనరల్ కేటగిరీ వారేనని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. తరతరాలుగా వాకిలి మూసి కూర్చున్నవారు దాన్ని ఓరగా తీసినందుకు వేదికెక్కి దండలు వేయించుకుంటే, మేం కింద కూర్చుని చప్పట్లు కొట్టాలా?

మన్యం గాలి:
ఈ ప్రశ్నకు జవాబు కావాలి.

తుంగభద్ర తీరం:
చెబుతాను. నన్ను ఈ వృత్తిలోకి తెచ్చిన గురువుగారు మాదిగవాడలో పుట్టినవారు. అద్దె గదిలో ఆఫీసు. కేసు ఫీజు వచ్చిన రోజే అందులో మా వాటా మాకు లెక్కపెట్టి ఇచ్చేవారు. వకాల్తాలో తన పేరు కింద మా పేరు రాయించి, జడ్జి గారి ముందు మమ్మల్నే మాట్లాడమని తాను వెనక కుర్చీలో కూర్చునేవారు. ఆయన పోయినప్పుడు మా బార్ వారు సంతాప తీర్మానం కూడా సరిగా చేయలేదు. పెద్ద ప్లీడర్ల ఫొటోలు గోడ నిండా ఉన్నాయి, ఆయనది లేదు. నేను ఈ పురస్కారం కోసం తిరుగుతున్నది ఆయన లాంటివారి కోసం.

వాయిదా డైరీ:
ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. ఆయన ఫొటో పెట్టించండి, నేనూ వస్తాను. కానీ ఈ ఏడాది జాబితాలో ఎవరున్నారు?

తుంగభద్ర తీరం:
ముగ్గురున్నారు. ఇద్దరు మాజీ అధ్యక్షులు, ఒక కళాశాల యజమాని.

వాయిదా డైరీ:
ఆ ముగ్గురి దగ్గర పనిచేసిన జూనియర్లను ఎవరైనా అడిగారా?

తుంగభద్ర తీరం:
లేదు. అడగాలని ప్రతిపాదిస్తాను. జూనియర్లు రాసిచ్చిన పేర్లే తీసుకోవాలని కూడా అంటాను.

వాయిదా డైరీ:
మర్నాడు అదే సీనియర్ ఆఫీసుకు వెళ్లాల్సినవాడు సంతకం పెట్టి నిజం రాస్తాడా? ఇప్పటికీ వృత్తిలో ఉన్న పాత జూనియర్లను అడగండి. మానేసి వెళ్లిపోయినవారినీ వెతికి అడగండి.

కృష్ణా డెల్టా ప్లీడరు:
వారు పేర్లు రాసిచ్చే ఫారం తెలుగులో ఉండేలా చూడండి.