1 గిగాహెర్ట్జ్ దగ్గర బ్యాండ్‌పాస్ సిగ్మా-డెల్టా ఇంకా పనికొస్తుందా?

ఎంటెక్_ఫైనల్: థీసిస్ బ్యాండ్‌పాస్ సిగ్మా-డెల్టా మీద, అంటే ఒక ఇరుకు బ్యాండ్‌ని మాత్రమే శుభ్రంగా అంకెల్లోకి మార్చే ఏడీసీ (అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్చేది). స్పెక్ ఇదీ: సెంటర్ 1 గిగాహెర్ట్జ్, బ్యాండ్ 20 మెగాహెర్ట్జ్, క్లాక్ 4 గిగాహెర్ట్జ్. గైడ్ గారు స్విచ్డ్ కెపాసిటర్‌తో (క్లాక్ ప్రకారం స్విచ్‌లు కెపాసిటర్లలో చార్జ్ మార్చే సర్క్యూట్) చెయ్యమంటున్నారు. కంపెనీలో ఉన్న మా సీనియరేమో "ఈ రోజుల్లో సిగ్మా-డెల్టా ఎందుకు, వైడ్‌బ్యాండ్ ఏడీసీ పెట్టి మిగతాది డిజిటల్‌లో చూసుకో" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

టేపౌట్_తమ్ముడు: సీనియర్ మాటే. ఆర్‌ఎఫ్‌ఎస్‌ఓసీల్లో (రేడియో కోసం చేసిన చిప్పుల్లో) 12 బిట్ల, 4 గిగాశాంపుల్స్ ఏడీసీలు ఎఫ్‌పీజీఏ (మనమే ప్రోగ్రామ్ చేసుకునే లాజిక్) పక్కనే వచ్చేశాయి. ఇంకా రెజొనేటర్లు (ఒక ఫ్రీక్వెన్సీకే గట్టిగా స్పందించే సర్క్యూట్లు) ట్యూన్ చేసుకుంటూ కూర్చుంటావా? బ్యాండ్ మారితే డిజిటల్‌లో ఒక నంబరు మారుస్తే సరిపోయే.

పాతరేడియో: కావాల్సింది 20 మెగాహెర్ట్జ్. దానికోసం 2 గిగాహెర్ట్జ్ మొత్తం కొలిచి, 99 శాతం పారేస్తారా తమ్ముడూ? ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు?

గైడ్ గారి లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. లోపాస్ డిజైన్‌లో z బదులు −z² పెడితే నోచ్ (క్వాంటైజేషన్ నాయిస్ బాగా తగ్గే చోటు) నేరుగా క్లాక్‌లో నాలుగో వంతుకు వస్తుంది, ఐ/క్యూ మిక్సింగ్ (సిగ్నల్‌ని రెండు భాగాలుగా కింది ఫ్రీక్వెన్సీకి దించడం) 1, 0, −1, 0 గుణకారాలతో అయిపోతుంది. కానీ 4 గిగాహెర్ట్జ్‌లో ఆప్‌యాంప్‌కి దొరికే అర క్లాక్ అంటే 125 పికోసెకన్లు. 10 బిట్ల ఖచ్చితత్వానికి సెటిల్ కావాలంటే (విలువ స్థిరపడాలంటే) సుమారు 7 టైమ్ కాన్‌స్టెంట్లు కావాలి, అంటే ఒక్కోటి 18 పికోసెకన్లు. ఫీడ్‌బ్యాక్ ఫ్యాక్టర్ 1 అనుకున్నా ఆప్‌యాంప్‌కి 9 గిగాహెర్ట్జ్ దాకా బ్యాండ్‌విడ్త్ కావాలి. అందుకే కంటిన్యూయస్-టైమ్ (శాంపిల్ చెయ్యకముందే అనలాగ్‌లో ఫిల్టర్ చేసే పద్ధతి), ఎల్‌సీ ట్యాంక్‌తో (ఇండక్టర్-కెపాసిటర్ జంట) చెయ్యండి. యాంటీ-అలియాస్ ఫిల్టరింగ్ (వేరే ఫ్రీక్వెన్సీలు శాంప్లింగ్‌లో మన బ్యాండ్ మీద పడకుండా ఆపడం) కూడా లూపే చేసిపెడుతుంది.

అనలాగ్ డివైసెస్ ఏడీ6676 ఇలాంటి బ్యాండ్‌పాస్ సిగ్మా-డెల్టాయే, క్లాక్ 3.2 గిగాహెర్ట్జ్ దాకా.

టేపౌట్_తమ్ముడు: అన్నా, అది 70 నుంచి 450 మెగాహెర్ట్జ్ ఐఎఫ్‌కి (మధ్యంతర ఫ్రీక్వెన్సీకి). 1 గిగాహెర్ట్జ్ దాకా రాలేదు, గమనించావా? పైగా చిప్ మీద ఇండక్టర్ క్యూ (ఎక్కువైతే నష్టం తక్కువ అని చెప్పే కొలత) 10 ఉంటే గొప్ప. నీకు కనీసం 50 కావాలి. నెగెటివ్ జీఎం (ఆ నష్టాన్ని పూడ్చే ట్రాన్సిస్టర్ సర్క్యూట్) పెట్టి పెంచితే నాయిస్, లీనియారిటీ రెండూ దెబ్బతింటాయి. కెపాసిటర్ 10 శాతం తేడా వచ్చిందంటే సెంటర్ 50 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. నోచ్ ఒక దిక్కు, సిగ్నల్ ఒక దిక్కు.

పాతరేడియో: కెపాసిటర్ బ్యాంక్, కాలిబ్రేషన్ లేకుండా ఎవరు చేస్తారు చెప్పు? వైడ్‌బ్యాండ్ ఏడీసీలోనూ ఇంటర్‌లీవింగ్ మిస్‌మ్యాచ్‌కి (వంతులవారీగా పనిచేసే చిన్న ఏడీసీల మధ్య తేడాకి) కాలిబ్రేషన్ తప్పట్లేదుగా.

జిట్టర్_జాగ్రత్త: ఇద్దరూ క్లాక్ సంగతి ఎత్తట్లేదేంటి సార్? 1 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని 1 పికోసెకను ఆర్‌ఎంఎస్ జిట్టర్‌తో (క్లాక్ అంచులు అటూ ఇటూ కదలడం) శాంపిల్ చేస్తే ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్-నాయిస్ నిష్పత్తి) 44 డీబీ. ఓఎస్‌ఆర్ (ఓవర్‌శాంప్లింగ్ నిష్పత్తి) 100 కాబట్టి, జిట్టర్ వైట్ (అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానం) అయితే బ్యాండ్‌లో 64 దాకా వస్తుంది. ఈ లెక్క తమ్ముడు చెప్పిన వైడ్‌బ్యాండ్ ఏడీసీకీ వర్తిస్తుంది. కంటిన్యూయస్-టైమ్‌లో క్వాంటైజర్ (సిగ్నల్‌ని అంకెగా మార్చే భాగం) జిట్టర్‌ని లూప్ షేప్ చేస్తుంది (బ్యాండ్ బయటికి నెడుతుంది) గానీ ఫీడ్‌బ్యాక్ డీఏసీ (అంకెని మళ్లీ అనలాగ్ చేసేది) జిట్టర్ నేరుగా ఇన్‌పుట్‌లో కలుస్తుంది. ఎల్‌సీ ట్యాంక్‌కి ఒక్క డీఏసీతో కోఎఫిషియెంట్లన్నీ కుదరవని ఆర్‌జెడ్ (క్లాక్ మధ్యలో సున్నాకి తిరిగొచ్చే పల్స్), హాఫ్-డిలే ఆర్‌జెడ్ (అదే, అర క్లాక్ ఆలస్యంగా) రెండూ పెడతారు. ఆర్‌జెడ్ అంటే ప్రతి క్లాక్‌కీ రెండు అంచులు, మరి జిట్టర్ పెరగదా? నా ఓటు బ్యాండ్‌పాస్‌కే, కానీ ముందు పీఎల్‌ఎల్ (క్లాక్ తయారుచేసే సర్క్యూట్) ఫేజ్ నాయిస్ ఎంతో చెప్పండి.

ఎంటెక్_ఫైనల్: పీఎల్‌ఎల్ నాది కాదండీ, ల్యాబ్‌లో సిగ్నల్ జెనరేటర్ నుంచే క్లాక్ ఇస్తాం. కంటిన్యూయస్-టైమ్ అంటే గైడ్ గారు ఒప్పుకుంటారో లేదో. ముందు ఆ 125 పికోసెకన్ల లెక్క చూపిస్తాను.

టేపౌట్_తమ్ముడు: చూపించు. ట్యాంక్ క్యూ లెక్క కూడా ఆ కాగితం మీదే రాయి.