అనైముడి ఎర్ర కప్ప: గుంట లేకుండా పిల్లలెలా? సర్వేకి ఏం పట్టుకెళ్ళాలి?

ప్రశ్న:
కేరళలో అనైముడి (2,695 మీ.) మీదుండే నారింజ-ఎరుపు కప్ప, రావోర్కెస్టిస్ రెస్‌ప్లెండెన్స్ గురించి అడుగుతున్నా. చెట్టుకప్పల కుటుంబం కదా, నేల మీద ఎందుకుంటుంది? దాని తోకకప్పలు ఏ గుంటలో పెరుగుతాయి? వానాకాలం సర్వే బృందంతో వెళ్ళే వీలుంది. అరుపులు ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోతుందా?

జవాబు 1:
గుంటతో పనే లేదండీ. ఈ ప్రజాతిలో తోకకప్ప బయట తిరగదు. మార్పంతా గుడ్డులోనే జరిగిపోయి, బుల్లి కప్పే నేరుగా బయటికొస్తుంది. అందాకా తిండి పచ్చసొనే, అందుకే గుడ్లు తక్కువ, పెద్దవి. పెంకు లేదు, జిగురు పొరే. చుట్టూ తడి ఆరితే గుడ్డూ ఎండిపోతుంది.
కుటుంబం చెట్టుకప్పలదే గానీ దీని కాళ్ళు మరీ పొట్టివి, ఒంటి నిండా ఉబ్బెత్తు గ్రంథులు. 2010లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం ఒక వ్యాసంలో దీన్ని నేలకప్పగానే వర్ణించింది. రావోర్కెస్టిస్ ప్రజాతి పుట్టిందీ ఆ వ్యాసంలోనే, కప్పల మీద పనిచేసిన శాస్త్రవేత్త సి.ఆర్. నారాయణరావు గారి పేరు మీద. కొమ్మల్లో వెతికితే కాలయాపనే.

జవాబు 2:
ముందు అనుమతి. అనైముడి ఉన్న ఎరవికుళం జాతీయ పార్కులో పర్యాటకుల్ని వదిలేది రాజమల వైపే, శిఖరానికి కాదు.
ఫోన్ వద్దు. శబ్దం పెరిగితే తగ్గించి, తగ్గితే పెంచి రాస్తుంది, తర్వాత అరుపుల బలం పోల్చలేరు. రికార్డర్‌లో అలా శబ్దాన్ని సర్దే ఆటో కంట్రోల్ ఆపేసి, వేవ్ ఫార్మాట్‌లో 44.1 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఎంపీ3 వద్దు. మైక్‌కి గాలి హోరు ఆపే తొడుగు తప్పనిసరి. ప్రతి రికార్డింగ్‌కీ ఉష్ణోగ్రత, మైక్ దూరం రాసుకోండి. చలి పెరిగితే అరుపుల వేగం తగ్గుతుంది, ఆ అంకె లేకపోతే రికార్డింగ్ సగం వృథా.
బూట్లది అంతకన్నా ముఖ్యం. కప్పల చర్మానికి జబ్బు తెచ్చే కైట్రిడ్ ఫంగస్ బూట్ల బురదతో కొండెక్కుతుంది. మొదట బ్రష్‌తో మట్టి పూర్తిగా వదిలించి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి నానబెట్టి, ఆరనివ్వాలి. మట్టి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. ఆ నీళ్ళు వాగు దగ్గర పారబోయొద్దు.
కప్పని ముట్టుకోకపోవడమే మంచిది. తప్పదంటే ఒక్కో కప్పకీ కొత్త నైట్రైల్ గ్లవ్స్. చేతులకి దోమల మందు రాసుకుంటే అది కప్ప చర్మంలోకి ఇంకిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
బ్లీచింగ్ పౌడర్ ఇంట్లో ఉంది, అది చాలదా?

జవాబు 2:
విప్పి ఎన్నాళ్ళయింది? చెమ్మ తగిలిన ప్యాకెట్‌లో క్లోరిన్ ఎంత మిగిలిందో చెప్పలేం. సీలున్న లిక్విడ్ బ్లీచ్ కొని, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. ఇంకోటి, ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టేముందు, కప్ప ఉన్న చోటు బయటపడకుండా జీపీఎస్ సమాచారం తీసేయండి.