అప్‌డేట్: గర్భనిరోధక మాత్రలు ఇవ్వనన్న ఫార్మసిస్ట్ - చివరికి దొరికాయి

డాక్టర్ రాసిన గర్భనిరోధక మాత్రలను ఇక్కడ అమెరికాలో ఒక ఫార్మసిస్ట్ 'నా నమ్మకానికి విరుద్ధం' అంటూ ఇవ్వలేదు, ఏం చేయాలి అని పోయిన వారం అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది అన్నిటికంటే చిన్న సలహా. డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ప్రిస్క్రిప్షన్‌ను వేరే ఫార్మసీకి పంపారు, సాయంత్రానికి మాత్రలు చేతికొచ్చాయి. కౌంటర్ దగ్గర చట్టం గురించి నేను చేసిన వాదన దండగ. మా రాష్ట్రంలో ఫార్మసిస్ట్ అలా ఇవ్వననే వీలుందట, కొన్ని రాష్ట్రాల్లో లేదు.

2023లో అనుమతి వచ్చిన, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని ఓపిల్ అనే గర్భనిరోధక మాత్ర గురించీ డాక్టర్ ఆఫీసులో అడిగాను. అందులో ప్రొజెస్టిన్ అనే హార్మోన్ ఒక్కటే, నావి రెండు హార్మోన్లవి, మార్చొద్దన్నారు.

ఈ టెన్షన్‌లో రెండు మాత్రలు తప్పాయి. మళ్లీ వరసగా ఏడు రోజులు వేసుకునేదాకా కండోమ్ కూడా వాడాలట. అడక్కపోతే ఇది తెలిసేదే కాదు!