షేర్ మార్కెట్ ఇంగ్లీషును తెలుగు మాధ్యమంలో చదివినవారు ఎలా పట్టుకున్నారు?

లెక్కల మాస్టారు, కడప

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ పాఠశాలల్లో ఇరవై తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. పదవీ విరమణప్పుడు వచ్చిన డబ్బులో కొంత భాగంతో రెండేళ్లుగా షేర్లు కొంటున్నాను. లెక్కలు నన్ను ఇబ్బంది పెట్టలేదు. శాతాలు, నిష్పత్తులు, చక్రవడ్డీ నేను నల్లబల్ల మీద రోజూ రాసినవే. ఇబ్బంది పెడుతున్నది భాష.

జరిగిన ఒక సంగతి చెబుతాను. నేను గమనిస్తున్న ఒక కంపెనీ షేరుకు పన్నెండు రూపాయల డివిడెండ్ (లాభంలో వాటాదారులకు పంచే డబ్బు) ప్రకటించి, శుక్రవారాన్ని రికార్డ్ డేట్‌గా పేర్కొంది. ఆ రోజుకు వాటాదారుగా పేరు నమోదైతే చాలని భావించి, శుక్రవారం ఉదయం 9.15కు మార్కెట్ తెరవగానే రెండు వందల షేర్లు కొన్నాను. డివిడెండ్ రాలేదు. బ్రోకర్ సంస్థకు ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి ‘ది స్టాక్ వాజ్ ట్రేడింగ్ ఎక్స్-డివిడెండ్, సార్’ అని ఓపికగానే మూడుసార్లు చెప్పారు. ఆ వాక్యంలోని మాటలన్నీ విడివిడిగా విన్నవే. ‘ఎక్స్ ఎమ్మెల్యే’ అన్నప్పుడు ‘ఎక్స్’ అంటే మాజీ అని తెలుసు కానీ, డివిడెండ్ మాజీ కావడమేమిటో నాకు బోధపడలేదు. అవతలివారిని నాలుగోసారి అడగడానికి మొహమాటపడి ఫోన్ పెట్టేశాను. నిఘంటువు తెరిచి పదాలను బట్టీపట్టడం వల్ల ప్రయోజనం లేదని ఆ రోజే అర్థమైంది. మీరందరూ ఈ భాషను ఏ దారిలో నేర్చుకున్నారో వివరంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

కామర్స్ అధ్యాపకురాలు, అనంతపురం

మాస్టారూ, ఇక్కడ ‘ఎక్స్’ అంటే మాజీ కాదు, ‘మినహా’ అని అర్థం. దానికి ఎదురుమాట ‘కమ్’, అంటే ‘తో సహా’. గురువారం దాకా ఆ షేరు డివిడెండ్‌తో సహా చేతులు మారింది. శుక్రవారం నుంచి డివిడెండ్ మినహా చేతులు మారింది. ఈ ఒక్క మాట పట్టుబడితే ఎక్స్-బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు మినహా), ఎక్స్-రైట్స్ (కొత్త షేర్లు కొనే హక్కు మినహా) అనేవి కూడా వాటంతట అవే తెరుచుకుంటాయి.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన దేశంలో 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ కొన్న మరుసటి పనిదినానికే షేర్లు ఖాతాకు చేరే టీ ప్లస్ వన్ పద్ధతి అమలవుతున్నది. అంతకుముందు రెండు రోజులు పట్టేది గనుక, రికార్డ్ డేట్‌కు ఒక రోజు ముందే షేరు ఎక్స్ అయ్యేది. ఇప్పుడు సాధారణంగా రెండూ ఒకే రోజున వస్తున్నాయి. పాత పుస్తకాలు, పాత వీడియోలు ఇప్పటికీ పాత లెక్కనే చెబుతున్నందున మా విద్యార్థులు కూడా తరచుగా తికమకపడుతున్నారు. మీరు శుక్రవారం కొన్న షేర్లు సోమవారం గానీ మీ పేరున చేరవు. కాబట్టి గురువారమే కొనవలసింది.

అయితే మీరు మోసపోయానని అనుకోనవసరం లేదు. ఎక్స్ అయిన రోజున ధర దాదాపు డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది కనుక, మీకు రాని పన్నెండు రూపాయలు కొనుగోలు ధరలోనే చాలావరకు తగ్గి ఉంటాయి.

నేను తరగతిలో పాటించే పద్ధతి ఒక్కటే. ఏ కొత్త మాట ఎదురైనా దానికి తెలుగు సమానార్థకం రాసి వదిలేయకుండా, ఆ మాట వెనుక డబ్బు ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వెళ్తున్నదో ఒక పూర్తి వాక్యంలో రాయిస్తాను. ఆ వాక్యం రాయలేకపోతే ఆ మాట ఇంకా రానట్లే.

పత్తి వ్యాపారి, ఆదోని

మా తాతల కాలం నుంచి మాది పత్తి వ్యాపారం. నేను ఇంటర్ దాటి చదవలేదు. అయినా ఆర్డర్లకు సంబంధించిన ఇంగ్లీషు నాకు తొందరగా వంటబట్టింది, ఎందుకంటే యార్డులో మేము రోజూ మాట్లాడుకునే మాటలే అవి. కొనేవాడు పాడే ధర బిడ్. అమ్మేవాడు చెప్పే ధర ఆస్క్. రెండింటి నడుమ ఉండే ఎడమే స్ప్రెడ్. ‘ఎంత పలికితే అంతకు అమ్మేయండి’ అని రైతు చెప్పి టీ తాగడానికి వెళ్లిపోతే అది మార్కెట్ ఆర్డర్; ‘ఈ ధరకు తక్కువైతే నా సరుకు వెనక్కి తీసుకుపోతాను’ అంటే లిమిట్ ఆర్డర్.

నన్ను దెబ్బతీసింది మాత్రం స్టాప్ లాస్ అనే మాట. ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డర్ అది. పేరులోనే ‘నష్టం ఆపు’ అని ఉన్నందువల్ల, అది పెట్టాక నష్టం అక్కడితో ఆగితీరుతుందని నమ్మాను. రూ. 412కు కొన్న షేరుకు ట్రిగ్గర్ 390, లిమిట్ 389 అని పెట్టాను. సాయంత్రం కంపెనీ ఫలితాలు బాగా రాలేదు. మరునాడు ఆ షేరు 371 వద్ద తెరుచుకుంది. ట్రిగ్గర్ పనిచేసింది, ఆర్డర్ బయలుదేరింది. కానీ నేను 389కి తక్కువైతే అమ్మవద్దని చెప్పి ఉన్నాను కదా, 371 పలుకుతున్న చోట 389 ఇచ్చి కొనేవారెవరు? షేర్లు నా దగ్గరే మిగిలిపోయాయి. ట్రిగ్గర్ అనేది ఆర్డర్‌ను నిద్రలేపే ధర, లిమిట్ అనేది అమ్మడానికి ఒప్పుకునే ధర. ఈ రెండు గళ్లలో రెండు అంకెలు నింపేటప్పుడు ఆ తేడా తెలిసి ఉండాలి. లిమిట్ లేని స్టాప్ లాస్ అయితే ఎంతకైనా అమ్ముడుపోతుంది, కానీ ఆ ‘ఎంతకైనా’ అన్నది 371 కూడా కావచ్చు. నేను ఆ తేడా తెలుసుకునేసరికి ధర 350కి దిగింది.

చీనీ రైతు బిడ్డ, అనంతపురం జిల్లా

నేను మా ఊరి మాటలతోనే నేర్చుకున్నాను. ప్లెడ్జ్ అంటే కుదువ పెట్టడం. ‘ప్రమోటర్ ప్లెడ్జ్ పెరిగింది’ అని వార్తలో చదివినప్పుడు, ప్రమోటర్ అంటే ప్రచారం చేసేవాడని మొదట పొరబడ్డాను. నిజానికి కంపెనీని స్థాపించి నడిపిస్తున్నవారే ప్రమోటర్లు. వాళ్లు తమ షేర్లను మరింత కుదువ పెట్టి అప్పు తెచ్చుకున్నారని ఆ వార్తకు అర్థం. అప్పు ఇచ్చినవాళ్లు ఆ షేర్లను అమ్మేస్తే ధర ఒక్కసారిగా కూలుతుంది కాబట్టి ఆ వార్తను తేలికగా తీసుకోకూడదు.

అలాగే మన షేర్లను బ్రోకర్ వద్ద కుదువ పెట్టి మార్జిన్ (వాటి హామీ మీద లావాదేవీలకు వాడుకోనిచ్చే మొత్తం) తీసుకునేటప్పుడు ‘హెయిర్‌కట్’ అనే మాట వస్తుంది. లక్ష రూపాయల షేర్లకు ఇరవై శాతం హెయిర్‌కట్ అంటే ఎనభై వేలకే మార్జిన్ ఇస్తారు. చీనీ (బత్తాయి) మండీలో టన్నుకు ఇంతని సూటు, అంటే తరుగు, తీసేసి మిగతా బరువుకే డబ్బు కట్టినట్లుగా దీన్ని గుర్తుపెట్టుకున్నాను.

కామర్స్ అధ్యాపకురాలు, అనంతపురం

తమ్ముడూ, మీ పోలిక గుర్తుంచుకోవడానికి బాగుంది కానీ ఒకచోట తప్పుదారి పట్టిస్తుంది. సూటు కింద తీసిన కాయలు వ్యాపారికి పోతాయి, రైతుకు తిరిగి రావు. హెయిర్‌కట్‌లో ఎవరికీ ఏదీ పోదు; లక్ష విలువైన షేర్లూ మీవే, ధర పడితే అప్పు ఇచ్చినవారికి రక్షణగా ఉండేందుకు విలువను కొంత తగ్గించి లెక్కగడతారు, అంతే. ఎవరి నుంచి ఎవరికి అనే ప్రశ్న వేసుకోమని నేను చెప్పింది ఇందుకే.

బ్యాంకు ఉద్యోగిని, ప్రొద్దుటూరు

ఐపీఓలకు (కంపెనీ షేర్లను మొదటిసారి ప్రజలకు అమ్మకానికి పెట్టడం) సంబంధించిన ఇంగ్లీషు గురించి రాస్తాను, మా శాఖకు వచ్చేవారు ఎక్కువగా దాని గురించే అడుగుతారు. ‘ఆఫర్ ఫర్ సేల్’ అనే మాటను చూసి పండుగ ఆఫర్ వంటిదని, తక్కువ ధరకు ఇస్తున్నారని కొందరు నిజంగానే భావిస్తున్నారు. పాత వాటాదారులు తమ షేర్లను అమ్ముకోవడమే ఆఫర్ ఫర్ సేల్. ఆ డబ్బు వారి జేబులోకి వెళ్తుంది, కంపెనీకి ఒక్క రూపాయి కూడా చేరదు. కొత్త షేర్లు పుట్టించి కంపెనీ డబ్బు సేకరిస్తే అది ‘ఫ్రెష్ ఇష్యూ’. ఒకే ఐపీఓలో రెండూ ఉండవచ్చు, ఏది ఎంత ఉన్నదో ప్రాస్పెక్టస్ (ఐపీఓ వివరాల పత్రం) మొదటి పుటలోనే ఉంటుంది.

మాటల కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘సబ్జెక్ట్ టు’ అనే పదబంధం. మ్యూచువల్ ఫండ్ ప్రకటనల చివర రోజూ వినే ‘సబ్జెక్ట్ టు మార్కెట్ రిస్క్స్’లో దానికి ‘లోబడి ఉన్నవి’ అని అర్థం. ‘సబ్జెక్ట్ టు అప్రూవల్ ఆఫ్ షేర్‌హోల్డర్స్’ అన్నప్పుడు మాత్రం మన ‘తేనే’ ప్రత్యయాన్ని వాడాలి: వాటాదారులు ఆమోదిస్తేనే. ఈ రెండో అర్థం తెలియక, ఇంకా ఆమోదం పొందని బోనస్‌ను వచ్చేసినట్లుగా లెక్కవేసుకున్నవారిని చూశాను. ‘లాస్ నారోడ్’ అన్న శీర్షికలో కూడా నష్టం తగ్గిందే తప్ప లాభం వచ్చిందని కాదు.

‘అష్యూర్డ్ రిటర్న్స్’ అని ఎవరైనా వాట్సాప్ గ్రూపులో పంపితే అక్కడితో ఆగిపోండి. రాబడికి హామీ ఇవ్వడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెబీ నిబంధనలు ఏ సలహాదారునీ అనుమతించవు. సలహాదారు నమోదు సంఖ్యను అడిగి, సెబీ వెబ్‌సైటులో ఆ పేరు ఉన్నదో లేదో చూసుకోవచ్చు.

లెక్కల మాస్టారు, కడప

అందరికీ కృతజ్ఞతలు. అధ్యాపకురాలమ్మా, మీరు చెప్పిన ప్రకారం ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి పుటలో ‘బేసిస్ పాయింట్’ (ఒక శాతంలో నూరో వంతు) రాసుకున్నాను, అది నా లెక్కల్లోని సంగతి కావడం వల్ల. రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో రెపో రేటును (బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటును) 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించినప్పుడు తగ్గింది 25 బేసిస్ పాయింట్లు. పాత రేటుతో పోల్చి చూస్తే తగ్గుదల 3.85 శాతం వరకు ఉంటుంది. ఈ తేడాను పదో తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, కానీ దానికి ఇంగ్లీషులో ఒక విడి పేరున్నదని ఇప్పుడే తెలిసింది.

నిన్న ఒక కంపెనీ ఒక షేరుకు ఒక షేరు చొప్పున బోనస్ ఇవ్వనున్నట్లు ప్రకటించింది. ప్రకటనను మూడుసార్లు చదివాను. ‘సబ్జెక్ట్ టు’ కనిపించిన చోట పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘ఆమోదిస్తేనే’ అని రాశాను. ఉద్యోగంలో మాకు తెలిసిన బోనస్ చేతికి వచ్చే అదనపు డబ్బు. ఇక్కడ షేర్లు రెట్టింపైనా ధర సగమవుతుంది గనుక మొత్తం విలువ మారదని లెక్కవేసి చూసుకున్నాను. తరువాత అదే బ్రోకర్ సంస్థకు ఫోన్ చేసి, ముందుగా కాగితం మీద రాసుకున్న వాక్యాన్ని ఇంగ్లీషులోనే అడిగాను: ‘విల్ ఇట్ ట్రేడ్ ఎక్స్-బోనస్ ఆన్ ది రికార్డ్ డేట్ ఇట్‌సెల్ఫ్?’ అవతలివారు ‘యెస్ సార్, ప్లీజ్ బై అట్ లీస్ట్ వన్ ట్రేడింగ్ డే బిఫోర్’ అన్నారు. ఈసారి మళ్లీ అడగవలసిన అవసరం రాలేదు.