ఒరెగాన్‌లో జరిగినదానికి ఓషో బాధ్యుడా, కాదా?

పాతపుస్తకం:
మొన్న ధ్యాన శిబిరాల గురించి మాట్లాడుకుంటుంటే ఒకాయన "అమెరికాలో జరిగిందంతా షీలా పని, ఓషోకి ఏమీ తెలీదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. షీలా అంటే ఓషో కార్యదర్శి. అక్కడ వాదిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా పెడుతున్నా.

కథ తెలియనివాళ్ళకి టూకీగా చెప్తా. 1931లో మధ్యప్రదేశ్‌లోని కుచ్‌వాడాలో పుట్టిన చంద్రమోహన్ జైన్, అంటే మన ఓషో, జబల్పూర్‌లో ఫిలాసఫీ పాఠాలు చెప్పి, 1966లో ఉద్యోగం వదిలేసి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. 1970లో సన్యాస దీక్షలు మొదలుపెట్టి, 1974లో పుణె కోరేగావ్ పార్కులో ఆశ్రమం పెట్టాడు. అప్పటికి పేరు భగవాన్ శ్రీ రజనీష్. 1981లో వైద్యం కోసమని అమెరికా వెళ్ళాడు. శిష్యులు ఒరెగాన్‌లో 64,000 ఎకరాల బీడు భూమి కొని రజనీష్‌పురం అని ఊరే కట్టేశారు. 1984లో ద డాల్స్ అనే పక్క పట్టణంలో 10 హోటళ్ళలో సలాడ్లలో సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు క్రిములు కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. ఎవరూ చనిపోలేదు, అది వాళ్ళ అదృష్టం. షీలా, మరో అనుచరురాలు కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకెళ్ళారు.

ఇందులో గురువుగారి వాటా ఎంత? "పుస్తకాలు బావుంటాయి కదండీ" అనే సమాధానం మాత్రం వద్దు. మా ఇంట్లోనూ ఒక అరనిండా ఉన్నాయి.

ధ్యానమిత్ర:
మీరన్న ఆ "ఒకాయన" నేనే, పేరు పెట్టి అడగొచ్చు. ఇప్పుడూ అదే చెప్తాను.

ఓషో 1981 ఏప్రిల్ నుంచి 1984 అక్టోబర్ చివరిదాకా బహిరంగంగా మాట్లాడలేదు. ఆ మూడున్నరేళ్ళూ బయట వ్యవహారాలన్నీ షీలా చేతిలోనే ఉన్నాయి. విషం కలిపింది 1984 సెప్టెంబర్, అక్టోబర్‌లలో, అంటే ఆ మౌనం నడుస్తున్నప్పుడే. 1985 సెప్టెంబర్‌లో షీలా బృందం యూరప్‌కి చెక్కేసిన రెండు మూడు రోజులకే ప్రెస్‌మీట్ పెట్టి, విషప్రయోగం, ఫోన్ ట్యాపింగ్, హత్యాయత్నం అన్నీ లోకానికి చెప్పింది ఎవరు? ఆయనే. వచ్చి దర్యాప్తు చేయండని పిలిచిందీ ఆయనే. తెలిసి చేయించినవాడు పోలీసులను ఇంటికి పిలుస్తాడా?

ఇంకోటి. రజనీష్‌పురంలో దొరికిన రహస్య మైకుల్లో ఒకటి ఆయన పడగ్గదిలోనే ఉంది. కుట్రకి నాయకుడైతే ఆయన మాటలు దొంగతనంగా వినాల్సిన అవసరం షీలాకి ఎందుకు వచ్చింది?

చాదస్తం:
93 రోల్స్ రాయిస్ కార్లున్నాయి, వాటి గురించి కూడా మైకులోనే విన్నారా సార్ 😀

ధ్యానమిత్ర:
చాదస్తం గారూ, కార్లుండటం నేరం కాదు. అవి ట్రస్టువి. సంపదని చూసి కళ్ళు కుట్టే సమాజం మీద ఆయన వేసిన జోకు అది. అర్థం కాకపోతే నేనేం చేయను.

ఒరెగాన్ తెలుగోడు:
నేను పోర్ట్‌లాండ్‌లో ఉంటాను. మూడు గంటలు డ్రైవ్ చేస్తే రజనీష్‌పురం పక్కనున్న ఆంటెలోప్ వస్తుంది. ఊరంటే ఊరు కాదు, పట్టుమని యాభై మంది ఉండరు. పోస్టాఫీసు ముందు జెండా కర్ర, దాని అడుగున చిన్న ఫలకం. 1981 నుంచి 1985 దాకా సాగిన రజనీష్ "ఆక్రమణ"ను ఎదిరించి నిలబడినవాళ్ళకి అంకితం అని దాని మీద రాసి ఉంది. కాసేపు చూసి ఫొటో తీసుకుంటుంటే ఒక పికప్ ట్రక్ స్లో అయి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి వెళ్ళిపోయింది. ఇండియన్ మొహం కనిపిస్తే వాళ్ళకి ఏం గుర్తొస్తుందో నాకు అర్థమైంది.

రజనీష్ శిష్యులు ఆ ఊళ్ళో ఇళ్ళు కొని, ఓట్లేసి, కౌన్సిల్ గెలిచి, 1984లో ఊరి పేరే "రజనీష్" అని మార్చేశారు. 1985 నవంబర్‌లో మళ్ళీ ఓటింగ్ పెట్టుకుని పాత పేరు తెచ్చుకున్నారు. అది చిన్న ముచ్చట. పెద్దది కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికలు. హోటళ్ళలో క్రిములు కలిపిందీ ఆ ఎన్నికల కోసమే. దేశమంతా తిరిగి ఇల్లూవాకిలీ లేనివాళ్ళను వేల సంఖ్యలో బస్సుల్లో తెచ్చి, తిండీ బట్టా ఇచ్చి, ఓటర్లుగా రాయించాలని చూశారు. వాళ్ళు గొడవ చేయకుండా బీరులో హాల్డాల్ అనే మానసిక జబ్బుల మందు కలిపారు. కౌంటీ అధికారులు ఓటర్ల నమోదు దగ్గర అడ్డుకోగానే ఇక వీళ్ళతో పనేముందని బస్సెక్కించి చుట్టుపక్కల ఊళ్ళలో దించేశారు. హోటళ్ళ కంటే ముందు, ఆగస్టులో రాంచ్, అంటే రజనీష్‌పురం ఉన్న ఆ భూమి, చూడటానికి వచ్చిన ఇద్దరు కౌంటీ కమిషనర్లకు ఇచ్చిన మంచినీళ్ళలోనే క్రిములు కలిపారు. ఒకాయన చావు తప్పి బయటపడ్డాడు.

ధ్యానమిత్ర గారూ, బస్సుల్లో వేలమంది దిగడం కనిపించకపోవడానికి మౌనవ్రతం చాలదండీ. ఆయన రోజూ మధ్యాహ్నం కారులో అదే ఊళ్ళో తిరిగేవాడు, శిష్యులు రోడ్డుకి రెండు వైపులా చేతులు జోడించి నిలబడేవాళ్ళు. ఆయన మూసుకున్నది నోరు. కళ్ళు కాదు.

లాయరుబాబు:
వేడెక్కింది కాబట్టి కొంచెం కాగితాల వైపు వద్దాం.

ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ఆయన మీద పెట్టినవి 35 అభియోగాలు, అన్నీ ఇమ్మిగ్రేషన్‌వి. వీసా అడిగేటప్పుడే అక్కడే ఉండిపోవాలనే ఉద్దేశం దాచారని, శిష్యుల చేత దొంగ పెళ్ళిళ్ళు చేయించే కుట్రలో ఉన్నారని. 1985 అక్టోబర్ 28న బెర్ముడా వైపు వెళ్తున్న చిన్న విమానం షార్లెట్‌లో దిగితే అక్కడ పట్టుకున్నారు. నవంబర్ 14న రెండు అభియోగాల మీద ఆల్ఫర్డ్ ప్లీ ఇచ్చారు. అంటే "నేను నేరం చేశానని ఒప్పుకోను, కానీ శిక్షపడేంత సాక్ష్యం మీ దగ్గర ఉందని ఒప్పుకుంటా" అని. పదేళ్ళ సస్పెండెడ్ శిక్ష, 4,00,000 డాలర్ల జరిమానా, దేశం వదిలి పోవడం. విషం గురించి ఒక్క కేసు కూడా ఆయన మీద లేదు.

ఇటువైపు సాక్ష్యం లేకుండానూ లేదు. షీలా తన మనుషులు జంకుతుంటే, గురువుగారితో తన సంభాషణ అంటూ ఒక టేపు వినిపించిందని, ఒరెగాన్‌లో నిలవాలంటే మనుషులను చంపడం తప్పదన్న అర్థం అందులో వచ్చిందని అప్పటి సన్యాసిని ఒకామె తర్వాత కోర్టులో చెప్పింది. మాటలు సరిగ్గా వినిపించలేదని కూడా ఆమే చెప్పింది. సరిగ్గా వినపడని టేపు, దాని గురించి మూడో మనిషి జ్ఞాపకం. ఈ రెండిటితో ఏ జడ్జీ శిక్ష వేయడు. అలాగని వినలేదు అనుకోమనీ ఎవరూ చెప్పలేరు.

కరీంనగర్ పిల్ల:
నాకు ఎప్పుడూ కడుపు మండేది వేరే దగ్గర. మంచి జరిగితే భగవాన్ కరుణ, చెడు జరిగితే ఆ ఆడదాని పని. షీలా చేసిన నేరాలకి నేను వకాల్తా తీసుకోవట్లేదు, ఆమెకి పడాల్సిన శిక్ష ఇంకా ఎక్కువే. 20 ఏళ్ళు వేసి మూడేళ్ళు కూడా నిండకుండా వదిలేశారు. కానీ ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? ఊరందరిలో ఆమె ఒక్కతే రోజూ గురువు దగ్గరికి వెళ్ళి, బయటకొచ్చి "భగవాన్ ఇలా అన్నారు" అని చెప్పే ఏర్పాటు ఎవరిది? జనం రోజుకి పన్నెండు గంటలు జీతం లేకుండా చాకిరీ చేస్తే దానికి "ఆరాధన" అని పేరు పెట్టారు. అడ్డం తిరిగి అడిగినవాడిది అహంకారం. అహంకారం వదలాలని నేర్పింది షీలా కాదు కదా.

మతం సంగతీ చూడండి. 1983లో "రజనీషిజం" అని పుస్తకం వేశారు, అది మా మతం అన్నారు. ఈయన మతగురువు కాబట్టి అమెరికాలో ఉండనివ్వాలని ఇమ్మిగ్రేషన్ వాళ్ళతో ఏళ్ళ తరబడి కొట్లాడారు. 1985 సెప్టెంబర్‌లో షీలా వెళ్ళిపోగానే "మతం అనేది ఆవిడ కల్పన, ఈ రోజుతో రద్దు" అని ఆ పుస్తకాలను మంటల్లో వేయించారు. వీసా కావాల్సినప్పుడు ఉన్న మతం, తలనొప్పి అవగానే ఆవిడదైపోయిందా?

చాదస్తం:
అక్కా 🔥

ధ్యానమిత్ర:
మీ కోపం అర్థమైంది తల్లీ. కానీ ఆయన మొదటి నుంచీ వ్యవస్థీకృత మతాలను తిట్టినవాడే. 1960ల ఉపన్యాసాలు చదవండి. తన పేరు మీద మతం నడుస్తోందని తెలిశాక దాన్ని కాల్చేయించాడంటే అది ఆయన బోధకి తగ్గ పనే.

పాతపుస్తకం:
మతాన్ని రద్దు చేయడం అంటే మనకి తెలిసిన మనిషి ఒకరున్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. దివ్యజ్ఞాన సమాజం ఆయన్ని జగద్గురువుగా పెంచింది, ఆయన కోసమే "ఆర్డర్ ఆఫ్ ది స్టార్" అని సంస్థ కట్టింది. వేల మంది సభ్యులు, హాలెండ్‌లో ఒక కోటతో సహా బోలెడు ఆస్తి. 1929లో ఓమెన్ శిబిరంలో, సమాజం అధ్యక్షురాలు అనిబిసెంట్ ఎదురుగానే, దాన్ని రద్దు చేస్తున్నానని చెప్పి, కోటను ఇచ్చినాయనకే తిరిగి ఇప్పించారు. అప్పటికి ఆయన మీద కేసుల్లేవు, పోలీసుల్లేరు, అధికారం నడిమధ్యాహ్నం ఎండలా ఉంది. రజనీష్ రద్దు చేసింది ఎప్పుడు? కార్యదర్శి పారిపోయాక, దర్యాప్తు గుమ్మం దాకా వచ్చాక. రెండూ ఒకే త్రాసులో వేయలేం.

ధ్యానమిత్ర:
జిడ్డు గారి తర్వాత కథ కూడా చెప్పండి మరి. తన ఆప్తుడు రాజగోపాల్‌తో ఆస్తుల గురించి 1970ల్లో కోర్టుకెక్కలేదా? ఫౌండేషన్లు లేవా, స్కూళ్ళు లేవా? ఎవరి నీడా పూర్తిగా తెల్లగా ఉండదు.

నా సంగతి చెప్తా. మా నాన్న పోయాక ఏడుపు రాలేదు నాకు. ఆఫీసు, టెన్షన్, నిద్రమాత్రలు. హైదరాబాద్‌లో ఒక మిత్రుడు లాక్కెళ్తే తెల్లారుజామున ఓషో నేర్పిన డైనమిక్ ధ్యానం చేశాను. పది నిమిషాలు ముక్కుతో అడ్డదిడ్డంగా ఊపిరి, పది నిమిషాలు నీ ఇష్టం, కేకలెయ్, ఏడువు, దిండు కొట్టు. తర్వాత పది నిమిషాలు చేతులు పైకెత్తి "హూ హూ" అని ఎగరడం. ఆపైన "స్టాప్" అనగానే ఎక్కడున్నవాళ్ళం అక్కడ పావుగంట కదలకుండా నిలబడాలి. ఆ రెండో దశలో మొదలైన ఏడుపు స్టాప్ అన్నాక కూడా ఆగలేదు. పక్కన ఒకాయన బనియను చెమటతో తడిసి ముద్దై నేల మీద నీళ్ళు కారుతున్నాయి, ఎవడూ ఎవణ్ణీ పట్టించుకోలేదు. నన్ను మనిషిని చేసినవాడిని మీరు విషం కేసులో ఇరికిస్తే ఊరుకోలేను.

కరీంనగర్ పిల్ల:
మీ నాన్నగారి విషయం చదివి బాధేసింది అన్నా. ఆ ధ్యానం మీకు పనిచేసింది, నేను కాదనను. కానీ అది ద డాల్స్‌లో సలాడ్ తిని ఆసుపత్రి పాలైనవాళ్ళకి జవాబు కాదు.

లాయరుబాబు:
మౌనం గురించి ఒక తేదీ ఇస్తాను, అందరూ దాన్ని దాటేస్తున్నారు. ఆయన వ్యక్తిగత డాక్టర్ దేవరాజ్ మీద సిరంజితో హత్యాయత్నం జరిగింది 1985 జూలై 6న, పండగ సభలో, వేల మంది మధ్య. అప్పటికి మౌనం వీడి ఎనిమిది నెలలు దాటింది, మళ్ళీ ఉపన్యాసాలిస్తున్నారు. ఒరెగాన్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాసిక్యూటర్ చార్లెస్ టర్నర్‌ని చంపాలన్న పథకమూ ఆ ఏడాదిదే. "మౌనంలో ఉన్నారు కాబట్టి తెలీదు" అనే వాదన 1984కి సరిపోతుందేమో. 1985కి సరిపోదు.

ధ్యానమిత్ర:
మీరే నాకు పాయింటు ఇచ్చారు లాయరుగారూ. సొంత డాక్టర్‌ని చంపమని ఎవరైనా చెప్తారా? దేవరాజ్‌ని అడ్డు తొలగించాలనుకున్నది షీలా, ఎందుకంటే ఆయన దగ్గరికి ఆమె ప్రమేయం లేకుండా వెళ్ళగలిగిన కొద్దిమందిలో ఆ డాక్టర్ ఒకడు.

లాయరుబాబు:
ఆ ఒక్క నేరానికి మీ లాజిక్ నిలుస్తుంది. ఒప్పుకుంటాను. టర్నర్‌కి, కమిషనర్ల నీళ్ళకి, బీరులో మందుకి నిలవదు.

ఒరెగాన్ తెలుగోడు:
ఆ రాంచ్ ఇప్పుడు ఒక క్రైస్తవ యువజన సంస్థ వేసవి క్యాంపు. వేల మంది కూర్చునే ధ్యాన మందిరం అని కట్టిన షెడ్డులో ఇప్పుడు పిల్లలు ఆడుకుంటున్నారు.

ధ్యానమిత్ర:
అరెస్టయ్యాక షార్లెట్ నుంచి పోర్ట్‌లాండ్‌కి జైళ్ళ వెంట రోజుల తరబడి ఎందుకు తిప్పారో కూడా ఎవరైనా చెప్పాలి. ఆ తిప్పుడులోనే తనకి విషం పెట్టారని ఆయన చివరిదాకా చెప్పారు. 1990 జనవరిలో పుణెలో పోయేటప్పటికి 58 ఏళ్ళే.

లాయరుబాబు:
చెప్పారు. రుజువు చూపించలేదు. షీలా విషయంలో మీరు అడిగే రుజువే ఇక్కడా అడగాలి కదండీ.

పాతపుస్తకం:
నేను పెట్టిన ప్రశ్న కాబట్టి నా లెక్క నేను చెప్తా. సలాడ్లలో కలపమని ఆయన చెప్పాడని నేను అనను, అనడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేని ఊరు కట్టి, తాళాలన్నీ ఒక్కరి చేతికిచ్చి, రోజూ కారులో అందరి దండాలూ తీసుకుని, కొంప మునిగాక "నాకేం తెలుసు" అన్నాడు. ఆ ఏర్పాటుకి బాధ్యుడు ఆయనే. షీలా ఎన్ని నేరాలు చేసినా ఆ బాధ్యతలో ఒక్క పైసా తగ్గదు. పుస్తకాలు అరలోంచి తీయను. తీయమన్నవాళ్ళతోనూ గొడవే పెట్టుకుంటా.

ధ్యానమిత్ర:
నేను ఒప్పుకోవట్లేదు. ఆదివారం తెల్లవారుజామున డైనమిక్ ఉంది, రావాలనుకున్నవాళ్ళు మెసేజ్ పెట్టండి. కరీంనగర్ అమ్మాయీ, మీరు కూడా.

కరీంనగర్ పిల్ల:
వస్తా. కానీ మధ్యలో ప్రశ్నలడుగుతా, చెప్పలేదని అనొద్దు.